పెరటి మిరపనారు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నిన్నటినుండి ఈ వేదికపై పెద్దలు సాహిత్యమును గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు ప్రసంగించుచున్నారు. అట్టి మాటలు విన్న చెవులకు మిరపనారును గూర్చి వినుట పాయసము తరువాత పచ్చిమిరపకాయ కొరికినట్లుండునేమోయని నేను సంకోచించితిని. కాని కార్యదర్శిగారు "మీకు తెలిసినదే చెప్పండి మాస్టారూ" అనిరి. నాకు తెలిసినది ఇదొక్కటియే. అందులోను ముప్పాతిక వంతు పొరపాట్లు చేసి నేర్చుకొన్నది.

గుంటూరు సీమవారికి మిరపను గూర్చి చెప్పబూనుట సాహసమే. మన చుట్టుప్రక్కల ఎకరములకొలది మిరప పండించిన రైతులు ఈ సభలోనే యున్నారు. వారికి నేను చెప్పగలది లేదు. నా మాటలు పెరటిలో పది మొక్కలు, మేడమీద నాలుగు కుండీలు పెంచుకొనువారికి. అందును ముఖ్యముగా నారు కొనక, గింజ చల్లి మొక్కను చేసికొనగోరువారికి.

మిరప మన దేశపు మొక్క కాదని చదువుకొన్న పిల్లలెరుగుదురు. దాని పుట్టినిల్లు అమెరికా ఖండము. 1492లో కొలంబసు ఆ తీరము చేరిన తరువాతనే అది సముద్రము దాటినది. పోర్చుగీసువారి ఓడలలో పదునారవ శతాబ్దమున మన పడమటి తీరమునకు వచ్చినది. అంతకుముందు మన వంటలో కారమనగా మిరియము, పిప్పలి, అల్లము. మిరియమును బట్టియే దీనికి మిరపకాయ యను పేరు వచ్చినది. అరవవారును మిళగు అను మిరియపు పేరుకు కాయను చేర్చి మిళగాయ్ అన్నారు. శ్రీనాథ మహాకవి ఎన్ని విందులు ఆరగించెనో కాని, ఎర్రని పండుమిరపకాయ పచ్చడి మాత్రము ఎరుగడు. పాపము!

ఇక నా కథకు వత్తును. మా అమ్మగారు బావిగట్టు వెనుక ఏటా పండ్రెండు మిరపమొక్కలు పెంచెడివారు. ఆ కాయ పొట్టి, లావు, పండినపుడు ముదురెరుపు, తోలు మందము, కారము మితము. పండుకాయ పచ్చడికి అంతకు మించినది లేదని మా బంధువర్గమునందెల్ల పేరు. దానికి వేరు పేరు లేదు, "మా ఇంటి కాయ" అనెడివారము. ఏటేట గింజ తీసి, బూడిదలో కలిపి, గుడ్డలో మూటగట్టి, పొయ్యి పైనున్న వాసమునకు వ్రేలాడదీసెడివారు. ఆ పొగ తగులుటచే పురుగు దగ్గరకు రాదనియు, వెచ్చదనమునకు చెమ్మ పట్టదనియు ఆమె నమ్మకము. ఆ నమ్మకములో చాలవరకు శాస్త్రమే కలదు.

1998లో అమ్మగారు పోయిరి. తరువాత ఆ మొక్కలను నేను చూచుకొంటిని. ఒక ఏడు బజ్జీలకు పనికివచ్చునని సంతనుండి పొడుగుకాయ నారు తెచ్చి, ఆ పండ్రెండు మొక్కల ప్రక్కనే వరుసగా నాటితిని. ఆ ఏడు అమ్మకాయ ఎప్పటివలెనే కాచినది. అలవాటు చొప్పున గింజ తీసితిని. మరుసటి ఏడు మొలచిన మొక్కలలో సగము ఒక తీరు, సగము మరియొక తీరు. నేల సారము తప్పినదనుకొని ఎరువు వేసితిని. మూడవ ఏట పొట్టికాయ ఒక్క మొక్కకైనను కాయలేదు. పొడుగునకు పొడుగు కాదు, పొట్టికి పొట్టి కాదు. పచ్చడికి పనికిరాదు, బజ్జీకిని పనికిరాదు. మా అమ్మగారు తన అత్తగారినుండి అందుకొని కాపాడుకొని వచ్చిన గింజ నా చేతిలో మూడేండ్లలో పోయినది.

కారణము నాకు ఈ గ్రంథాలయములోనే తెలిసినది. విత్తనోత్పత్తిపై ఒక పుస్తకము బీరువాలో క్రింది అరలో నున్నది. దానిని నాకు ముందు తీసికొనిపోయినవారి సంతకము కార్డుపై ఒక్కటియు లేదు. మిరపపువ్వులో ఆడభాగము, మగభాగము రెండును కలవు. తన పుప్పొడితో తానే కాయ పట్టగలదు. ఐనను తేనెటీగలు, చిన్న చిన్న ఈగలు ప్రక్క మొక్క పుప్పొడిని తెచ్చి అంటించును. అందువలన మిరపలో పరపరాగ సంపర్కము తక్కువేమియు కాదు. విత్తనము కొరకు పండించువారు ఒక రకమునకును మరియొక రకమునకును నడుమ రెండువందల మీటర్లకు తక్కువ గాకుండ ఎడము ఉంచవలెనని నియమము. నేను ఉంచినది రెండు మూరలు!

ఇందులో ఒక మాయ కలదు. పుప్పొడి పరాయిదైనను ఆ ఏటి కాయ మాత్రము తల్లిమొక్క కాయవలెనే యుండును. రూపు మారదు, రుచి మారదు. మార్పంతయు గింజలో దాగి యుండును. కాయ తల్లిది, గింజ ఇద్దరిది. కావుననే నాకు ఆ ఏడు అనుమానమైన కలుగలేదు. మనలో గింజ దాచుకొను అమ్మలకు ఈ మాట నేను మరల మరల చెప్పుచుందును.

అటుపిమ్మట ఊరంతయు తిరిగితిని. మా అమ్మగారు పెండ్లిండ్లకు, సీమంతములకు వెళ్ళినపుడు ఎవరెవరికో గింజలిచ్చిన జ్ఞాపకము. చివరకు పడమటి వీధిలో ఒక కోడలుగారు తమ అత్తగారి కుండలో ఎండుకాయల దండ యొకటి యున్నదనిరి. నాలుగేండ్ల నాటిది. "ఎందుకూ పనికిరాదు బాబాయిగారూ, పారవేయబోవుచున్నాను" అనిరి. ఆ దండను నేను రెండు చేతులతో అందుకొంటిని.

సాధారణముగ ఇంటిలో నిలువచేసిన మిరపగింజ రెండేండ్లు బాగుగా మొలచును. తరువాత ఏటేట శక్తి తగ్గును. నేను అరువదినాలుగు గింజలు చల్లితిని. ఐదు మొలచినవి. వానిలో ఒకటి నా తొందరపాటుచే చచ్చినది. ఆ సంగతి తరువాత చెప్పెదను. మిగిలిన నాలుగు మొక్కలనుండి నేర్చుకొన్నదే ఈ ప్రసంగము.

మొదట గింజ పరీక్ష. ఇరువది గింజలను లెక్కించి, తడిపి పిండిన గుడ్డలో చుట్టి, వెచ్చని చోట నుంచి, గుడ్డ ఆరకుండ చూచుచు పదియవ నాడు విప్పి లెక్కపెట్టవలెను. పండ్రెండైన మొలచిన మంచిదే. అమ్మకపు విత్తనమునకైనను నూటికి అరువది మొలకెత్తవలెననియే నియమము. ఆరో, ఏడో మొలచినచో గింజను రెండింతలుగ చల్లుడు. ఒక్కటియు మొలవనిచో నారుమడికి నీళ్ళు పోయు శ్రమ తప్పినది. కొట్టులో కొన్న పొట్లమునకైనను ఈ పరీక్ష చేయుడు. రంగురంగుల బొమ్మ చూచి పొట్లము కొని, మొలవని గింజకు నెల దినములు నీళ్ళు పోసిన వాడను నేను.

గింజను చల్లుటకు ముందు ఒక రాత్రి గోరువెచ్చని నీటిలో నానబెట్టవచ్చును. మొలకకు ఇరువదియైదు మొదలు ముప్పది డిగ్రీల వెచ్చదనము ఇష్టము. అట్టి వాతావరణమున వారము పది దినములలో మొలచును. పుష్య మాసపు చలిలో చల్లి, మూడు వారములైనను రాలేదని గింజను నిందింపరాదు. మన ప్రాంతమున తొలకరి తరువాత జూలై, ఆగస్టులలో చల్లుట మేలు. పెరటికి కావలసినంత నారు సెప్టెంబరులో పోసికొన్నను కాలము మించిపోదు. ఫాల్గుణములో పోసిన నారు పూతకు వచ్చుసరికి రోహిణికార్తె ఎండలుండును. ఎండ ముప్పదియైదు డిగ్రీలు దాటిన కొలది పూత నిలువదు.

నారుకు పెద్ద మడి అక్కరలేదు. అడుగున చిల్లులున్న వెడల్పు కుండీ గాని, పాత ప్లాస్టిక్ తొట్టి గాని చాలును. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక. పచ్చి పేడ పనికిరాదు. మట్టిని జల్లించి, తడిపి, చదును చేసి, బొటనవ్రేలి వెడల్పు ఎడముగా గింజలుంచి, అర అంగుళమునకు మించకుండ మట్టి కప్పవలెను. గింజ చిన్నది, లోతుగా పాతిపెట్టినచో పైకి వచ్చు బలము దానికి లేదు. పైన పలుచగా వరిగడ్డి పరచుడు. మొదటి మొలక కనబడిన నాడే ఆ గడ్డిని తీసివేయవలెను. రేపు తీయుదమనుకొన్నచో మొలకలు వెలుతురు కొరకు సాగి, దారమువలె సన్నబడి ఒరగిపోవును.

ఇప్పుడు నా తొందరపాటు సంగతి. ఐదు మొలకలను చూచిన సంతోషములో ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము నీళ్ళు పోసితిని. ఎనిమిదవ నాటి ఉదయమున ఒక మొలక మొదలు నొక్కినట్లై, నేలకు వాలి యుండెను. ఆకులింకను పచ్చగానే యున్నవి. మొదట ఏ పిట్టయో త్రొక్కినదనుకొంటిని. దీనినే నారుకుళ్ళు తెగులందురు. మట్టిలోని బూజు జాతి క్రిములు, ఎడతెగని తడి దొరికినపుడు, లేత కాడను నేలమట్టమున కొరికివేయును. వాలిన మొలకను బ్రతికించు మందు లేదు. రాకుండ చూచుకొనుటయే మార్గము: పైమట్టి ఆరిన తరువాతనే నీరు; ఉదయముననే నీరు; గింజలు కిక్కిరియకుండుట; గాలి ఆడుట. విత్తనమునకు ట్రైకోడెర్మా అను మేలు చేయు బూజుపొడిని పట్టించి చల్లుట మంచిది. అది ఎరువుల కొట్టులలో దొరకును. నాకు అరువదినాలుగు గింజలకు దక్కిన ఐదింటిలో ఒకటి, మందు లేకకాదు, చెంబు దింపక పోయినది.

ఐదారు వారములకు నారు జానెడు లోపు ఎత్తై, ఆరేడు ఆకులు తొడుగును. అంతకుముందు ఒక వారము నీరు తగ్గించి, ఎండకు కొంచెము కొంచెముగా అలవాటు చేయవలెను. నాటుట సాయంకాలము. కుండీయైనచో అడుగు వెడల్పునకు ఒక మొక్క. నేలయైనచో మొక్కకు మొక్కకు మూరెడు. దినమునకు ఆరు గంటల ఎండ తగులని చోట మిరప ఏపుగా పెరుగును గాని కాయదు. టమాటా గాని, వంగ గాని క్రిందటి ఏడు వేసిన నేలలో మిరపను నాటవలదు. ఈ మూడును ఒకే కుటుంబమునకు చెందినవి. ఒకదాని ఎండుతెగులు నేలలో నిలిచి మరియొకదానిని పట్టును.

ఆ కుటుంబములో పొగాకును చేరినది. మన ఊరి పెద్దలు క్షమింతురుగాక, చుట్ట చుట్టిన చేతితో మిరపనారును ముట్టుకొనవలదు. పొగాకునకు వచ్చు వెర్రితెగులు క్రిమి ఎండిన ఆకులోను చావక యుండి, చేతివ్రేళ్ళ ద్వారా మొక్కకు చేరగలదు. ఆకులపై పసుపు, పచ్చ మచ్చలు పడును. సబ్బుతో చేతులు కడుగుకొని నారు నాటుడు. చుట్ట మానుమని నేను చెప్పుట లేదు. అది డాక్టరుగారి పని.

ఎరువు విషయమున ఒక్క మాట. ఇంటిలో యూరియా ఉన్నదికదాయని గుప్పెడు చల్లువారున్నారు. దానిచే ఆకు దట్టమగును, రసము పీల్చు పురుగులకు విందగును, పూత ఆలస్యమగును. పదునైదు దినములకొకసారి దోసెడు చివికిన ఎరువు, కొద్దిగ వేపపిండి చాలును.

మిరపకు వచ్చు జబ్బులన్నియు చెప్పబూనిన రాత్రి భోజనములు చల్లారిపోవును. ముడతను గూర్చి మాత్రము చెప్పెదను. ఆకు అంచులు పైకి ముడుచుకొని దోనెవలె నున్నచో తామరపురుగులు. క్రిందికి ముడుచుకొని బోర్లించిన దోనెవలె నున్నచో నల్లి. రెండును కంటికి ఆనని జీవులు. తెల్లకాగితము పట్టుకొని కొమ్మను తట్టినచో తామరపురుగులు సన్నని గీతలవలె కదలాడును. 2021లో ఆంధ్ర, తెలంగాణ చేలపై పడిన నల్ల తామరపురుగు ఈ జాతిదే. అది పూలలో దాగి యుండి పూతనే మాడ్చినది. ఆ ఏడు ఎకరములకు ఎకరములు దున్నివేసిన రైతుల దుఃఖము మనము కన్నులారా చూచితిమి. పెరటిలో నాలుగు మొక్కలకు లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నురుగు వచ్చునంత సబ్బునీరు కలిపి ఆకుల అడుగున తడియునట్లు సాయంకాలము చల్లుట, నీలిరంగు జిగురు అట్ట ఒకటి కట్టుట సాధారణముగ సరిపోవును. ఇంటిలో తిను కాయపై చేనుమందు చల్లవలదు.

నాటిన రెండు, రెండున్నర నెలలకు పచ్చికాయ చేతికి వచ్చును. పండుటకు మరియొక నెల. ఇక్కడనే విత్తనపు పని మొదలగును.

మంచి కాయను చూచి గింజ తీయుట మనకలవాటు. కాయను గాక మొక్కను ఎన్నుకొనవలెను. ముడత తగులనిది, కాపు నిండుగ నున్నది, మన రకము లక్షణములన్నియు కలది ఏదో దానికి దారము కట్టుడు. నా నాలుగు మొక్కలలో మూడింటికి అమ్మకాయ రూపు వచ్చినది. నాల్గవదాని కాయ ఒక అంగుళము పొడుగు. దాని గింజను తీయలేదు, కాయలు కూరలో వేసితిమి. ఎన్నుకొన్న మొక్కలో ఒక కొమ్మకు, మొగ్గలు విచ్చుకొనకముందే, పలుచని గుడ్డసంచి తొడిగి మూతి కట్టవలెను. తేనెటీగకు దారి ఉండదు. రోజుకొకసారి ఉదయమున కొమ్మను మెల్లగా కదపుడు. పుప్పొడి రాలి, పువ్వు తనంత తానే కాయ పట్టును. పిందెలు నిలిచిన తరువాత సంచి తీసి, ఆ పిందెల తొడిమలకు ఎర్రదారము చుట్టుడు. రెండువందల మీటర్ల పని మూరెడు గుడ్డతో తీరినది. గుడ్డ పాత పంచెదియైనను చాలును.

కాయ చెట్టుననే పూర్తిగ ఎర్రబారవలెను. కోసి నాలుగు దినములు నీడనుంచి, చీల్చి గింజ తీయుడు. కారము గింజలో నున్నదని అందరు ననుకొందురు. గింజ అంటుకొని యుండు తెల్లని ఈనెలోనే కారపు ఊట. గింజకు తగిలినది అక్కడినుండి అంటినదే. గింజ తీయుటకు ముందు చేతులకు నూనె రాచుకొనుడు. ఆ కారము నీటిలో కరగదు. ఉత్త నీటితో కడిగిన చేయి కంటికి తగిలినచో ఏమగునో నేను చెప్పనక్కరలేదు. పక్షులకు ఈ మంట తెలియదు. అడవి మిరపలను తిని గింజను దూరదూరములకు చేర్చునవి అవియే.

తీసిన గింజను నీడలో గాలికి ఆరబెట్టుడు. వంచినపుడు వంగక పుటుక్కున విరిగినచో ఆరినట్లు. గాజుసీసాలో పోసి, వేయించి చల్లార్చిన బియ్యము గుప్పెడు గుడ్డలో కట్టి అందులో వేసినచో మిగిలిన చెమ్మను అది పీల్చుకొనును. పొయ్యి పై వాసము ఇప్పుడు ఎవరి ఇంటను లేదు కదా! సీసాపై రకము, సంవత్సరము వ్రాయుట మరువవలదు. మా అమ్మగారికి వ్రాత రాదు. ఆమె జ్ఞాపకమే చీటీ. నాకు వ్రాత వచ్చియు చీటీ వ్రాయలేదు. ఇక సంకర విత్తనము కొన్నవారు ఈ శ్రమ పడవలదు. దాని గింజ మరుసటి ఏడు తల్లివలె కాయదు.

నాకు మొదటి ఏడు దారము చుట్టిన కాయలు పదునెనిమిది; గింజలు సుమారు తొమ్మిదివందలు. ఇరువదింటిని పరీక్షింపగా పదునేడు మొలచినవి. ఇది నూటికి నూరుపాళ్ళు మా అమ్మగారి గింజయేయని నేను ప్రమాణము చేయజాలను. పడమటి వీధిలో తేనెటీగలు తిరుగలేదని ఎవరు చెప్పగలరు? కాని ఆ పండుకాయతో పచ్చడి నూరి, పొరుగూరిలోని మా అక్కగారికి పంపితిమి. ఆమెకు ఎనుబది దాటినవి. మరునాడు ఫోనులో, "చెయ్యి అమ్మది కాదుగానీ, కాయ అమ్మదేరా తమ్ముడూ" అన్నది. ఆ తరువాత ఇద్దరమును కొంతసేపు మాటాడలేదు.

కార్యవర్గమువారికి నాదొక విన్నపము కలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు మన జిల్లా కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపిరి. పుస్తకము పడవ ఎక్కగా లేనిది, గింజ బీరువా ఎక్కరాదా? నేను పదునైదు గింజల చొప్పున నలువది పొట్లములు కట్టి తెచ్చితిని. గ్రంథపాలకులవారి బల్లపైనున్న డబ్బాలో నున్నవి. పుస్తకమువలెనే పద్దుపుస్తకములో పేరు వ్రాసి తీసికొనిపోవలెను. గడువు పదునైదు దినములు కాదు, ఒక సంవత్సరము. తీసికొన్నది ఒక పొట్లము. తిరిగి ఇయ్యవలసినవి రెండు, గుడ్డసంచి తొడిగిన కొమ్మవి. ఎవరి మొక్కయైన చచ్చినచో జరిమానా లేదు. ఎట్లు చచ్చినదో పద్దులో రెండు పంక్తులు వ్రాసిన చాలును. మిగిలిన గింజలు మా ఇంట సీసాలో నున్నవి.

ఇంకొక మాట. మీ ఇండ్లలో అత్తగారలు, అమ్మమ్మలు దాచిన దోసగింజలో, గోంగూరగింజలో, పాత వంగగింజలో ఉన్నచో అవియు తెండు. డబ్బాలో చోటున్నది. పడమటి వీధి కోడలుగారు ఇప్పటికే ఒక చిక్కుడుగింజల మూట తెచ్చి ఇచ్చిరి. దానిపై సంవత్సరము వ్రాసి లేదు. మొదట ఇరువది గింజలు తడిగుడ్డలో చుట్టి చూడవలెను.